ఒకే మడిలో తులిప్ గడ్డలు, వంగ నారు: న్యూజెర్సీ పెరటి డైరీ

మా పెరట్లో రోజుకు ఆరు గంటలకు మించి ఎండ పడే చోటు ఒక్కటే ఉంది. అది డ్రైవ్‌వే పక్కన దక్షిణ ముఖంగా ఉన్న మడి. పొడవు 12 అడుగులు, వెడల్పు 4 అడుగులు. వసంతంలో పూసే డాఫొడిల్, తులిప్ గడ్డలను అక్టోబరు, నవంబరు నెలల్లో పాతాలన్నా, మే నెలలో వంగ, మిరప, గోంగూర, బీర నాటాలన్నా మాకు అదే దిక్కు. పూలు రాలిపోయాక కూడా గడ్డల ఆకులు జూన్ రెండో వారం వరకు పచ్చగానే ఉంటాయి. వచ్చే ఏటి పువ్వుకు కావలసిన ఆహారాన్ని అవి ఆ రోజుల్లోనే గడ్డకు చేరుస్తాయి కనుక వాటిని కోసివేయడానికి వీలులేదు. నారు మాత్రం మే నడిమికల్లా ట్రేలలో వేళ్లు చుట్టుకొని, నేల ఎప్పుడు దొరుకుతుందా అన్నట్టు నిలబడి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే మడిలో ఎలా సర్దాలో తేల్చుకోవడానికి ఈ పని చేపట్టాము. ఇదే ఇరుకులో ఉన్నవారికి కొలతలు, ఖర్చులు, పనిచేయని పద్ధతులు ఉపయోగపడతాయని వాటినే ఎక్కువగా రాస్తున్నాను.

మాది న్యూజెర్సీ మధ్యభాగం, ఎడిసన్ దగ్గర. అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన చలి మండలాల పటం ప్రకారం ఇది 7వ మండలం. ఏడాదిలోకెల్లా చల్లని రాత్రి సగటున మైనస్ 18 నుంచి మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుందన్నదే ఆ అంకెకు అర్థం. చివరి ఫ్రాస్ట్ (లేత మొక్కలను మాడ్చే, నీరు గడ్డకట్టేంత రాత్రి చలి) ఎప్పుడు పడుతుందో ఆ పటం చెప్పదు. మన వాళ్లలో చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, మండలం అంకె చూసి ఏప్రిల్‌లోనే వంగ నాటేస్తారు. ఇక్కడ చివరి ఫ్రాస్ట్ ఏప్రిల్ చివర నుంచి మే నడిమి వరకు ఎప్పుడైనా పడవచ్చు. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో, లోతులు, ఎత్తులు అంగుళాల్లో ఇస్తున్నాను.

దశ 1: అక్టోబరు, నవంబరు. మడి, గడ్డలు, ఉడతలు

ఇక్కడి నేల ఎర్రని షేల్ రాయి అరిగి ఏర్పడిన బంకమన్ను. గడ్డలు కొనకముందే నీరు ఇంకే వేగాన్ని కొలవడం మంచిది. అడుగు లోతు గుంట తవ్వి, దాన్ని నీటితో నింపి పూర్తిగా ఇంకనిచ్చి, రెండోసారి నింపినప్పుడు గంటకు నీటి మట్టం ఎంత దిగుతుందో చూడాలి. మా మడిలో గంటకు అర అంగుళమే దిగింది. కనీసం అంగుళమైనా దిగని చోట తులిప్ గడ్డ శీతాకాలం గడవకముందే కుళ్లిపోయే ప్రమాదం ఉంది. బంకమన్నులో ఇసుక కలపడం అందరికీ తోచే ఉపాయమే గానీ, కొద్దిపాటి ఇసుక కలిపితే ఆ మట్టి మరింత గట్టిపడుతుంది. అందుకని చుట్టూ 6 అంగుళాల పలకలు బిగించి, ఆకుల కంపోస్టుతో మడిని ఎత్తు పెంచాము. ఆ తరువాత అదే పరీక్షలో గంటకు అంగుళంన్నర దిగింది.

కొన్న గడ్డలు ఇవి: పొట్టి రకమైన ‘టేట్-ఎ-టేట్’ డాఫొడిల్ 20, పెద్ద పసుపు పువ్వు పూసే ‘డచ్ మాస్టర్’ డాఫొడిల్ 20, ఎర్రని ‘అపెల్డోర్న్’ తులిప్ 24, సన్నని ‘క్లూసియానా’ జాతి తులిప్ 12, ‘టొమ్మాసినియానస్’ క్రోకస్ 50.

మడిలో 6 అంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి చూస్తే అక్టోబరు మూడో వారంలో 15 డిగ్రీలు ఉంది. డాఫొడిల్‌కు, క్రోకస్‌కు అది సరిపోతుంది. చలి ముదరకముందే వేళ్లు పోసుకోవడానికి డాఫొడిల్‌కు కొంత వ్యవధి కావాలి కూడా. తులిప్‌కు మాత్రం వెచ్చని తడి నేల తెగుళ్లను తెచ్చిపెడుతుంది కనుక, నేల 10 డిగ్రీలకు దిగిన నవంబరు రెండో వారం వరకు ఆ గడ్డలను గరాజ్‌లో కాగితపు సంచుల్లో ఉంచాము.

పాతిన విధానం:

1. గడ్డ ఎత్తుకు మూడింతల లోతు గుంట తీయాలి. డాఫొడిల్‌కు 6, తులిప్‌కు 7, క్రోకస్‌కు 3 అంగుళాలు వచ్చాయి.
2. మొన పైకి, వేళ్ల పీఠం కిందికి ఉండేలా పెట్టాలి.
3. గడ్డల మధ్య వాటి వెడల్పుకు రెండింతల ఎడం వదలాలి.
4. రాలిన గోధుమరంగు పొట్టును ఒక్క రేకు కూడా మిగలకుండా ఏరివేయాలి.
5. మట్టి కప్పి, ఒకసారి బాగా తడిపి, పైన జాలి పరచాలి.

నాలుగో అంశం చాదస్తంగా కనిపించవచ్చు. బూడిదరంగు ఉడతలు కొత్తగా కదిపిన మట్టినీ, పొట్టు వాసననూ పట్టుకొనే తవ్వుతాయి. జాలి తెప్పించేలోగా మడి తూర్పు కొసన పాతిన 12 అపెల్డోర్న్ గడ్డల్లో 7 ఒక్క పూటలో మాయమయ్యాయి. పక్కనే ఉన్న డాఫొడిల్ గడ్డలను ఉడతలు తవ్వి, కొరకకుండా అక్కడే వదిలిపెట్టాయి. డాఫొడిల్‌లో లైకోరిన్ అనే విషపదార్థం ఉండటం వల్ల ఉడతలు గానీ, ఎలుకలు గానీ, జింకలు గానీ వాటిని తినవు. అవే గడ్డలు మనుషులకూ విషమే. ఉల్లిగడ్డల బుట్ట పక్కన వీటిని ఎప్పుడూ పెట్టకూడదు.

కారప్పొడి చల్లమని ఇక్కడ అందరూ చెబుతారు. గుంటూరు కారం చల్లి చూశాము. వాన పడనంత కాలం అది పనిచేసింది, వాన పడిన మర్నాడే తవ్వకం మళ్లీ మొదలైంది. నిలిచిన పరిష్కారం కోళ్ల జాలి ఒక్కటే. అంగుళం కన్ను ఉన్న జాలిని మట్టి మీద పరచి, అంచులను 3 అంగుళాల లోతుకు మడిచి, ఇనుప కొక్కేలతో నేలకు బిగించాము. అర అంగుళం కన్ను జాలి మరింత గట్టిదే గానీ, తులిప్ మొలక వెడల్పుగా వస్తుంది కనుక అందులో ఇరుక్కుంటుంది.

ఇప్పటివరకు లెక్క: పాతినవి 126, మిగిలినవి 119. గడ్డలకు 78 డాలర్లు, జాలికి, కొక్కేలకు 24, కంపోస్టుకు 30. మొత్తం 132 డాలర్లు. పలకలు ఇంట్లో పాతవే ఉన్నందున వాటిని లెక్కలో వేయలేదు.

దశ 2: డిసెంబరు నుంచి ఫిబ్రవరి. చలి కొలతలు

ఈ మూడు నెలల్లో పని తక్కువ. నేల పైపొర గడ్డకట్టిన తరువాతే 3 అంగుళాల మందాన ఓక్ ఆకులు కప్పాము. అంతకుముందే కప్పితే నేల వెచ్చగా ఉండిపోతుంది, ఆ ఆకుల కింద ఎలుకలు కాపురం పెడతాయి. రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతున్న మట్టి తక్కువ లోతున ఉన్న క్రోకస్ గడ్డలను పైకి నెట్టింది. అలా తేలిన నాలుగింటిని వేలితో లోపలికి నొక్కి, పిడికెడు కంపోస్టు వేశాము.

వారం వారం తీసిన కొలతల ప్రకారం, గడ్డల లోతులో నేల నవంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం వరకు 9 డిగ్రీలకు దిగువనే ఉంది. తులిప్ గడ్డ లోపలి పూమొగ్గ కాడ సాగాలంటే 12 నుంచి 16 వారాల చలి అవసరం; మా నేలలో అది ఖర్చు లేకుండా దొరికింది. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల దిగువన 2007లో తెరిచిన తులిప్ తోట కూడా ఇలాంటి సహజమైన చలి మీదే నడుస్తుంది. హైదరాబాద్‌లోని బంధువుల కోసం ఈ గడ్డలు కావాలని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: ముందుగా ఆ చలిని ఫ్రిజ్‌లో ఇవ్వాలి, ఆ ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి వంటి పండ్లు ఉండకూడదు. పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు గడ్డ లోపలి మొగ్గను చంపేస్తుంది.

జనవరిలో వెచ్చబడిన రోజుల్లో డాఫొడిల్ మొనలు అంగుళం మేర పైకి వచ్చాయి. ఆపైన మైనస్ 11 డిగ్రీల రాత్రి ఒకటి వచ్చింది. మొనలు పసుపు తిరిగాయే తప్ప పూతకు ఏమీ కాలేదు, ఎందుకంటే మొగ్గ అప్పటికింకా మట్టి లోపలే ఉంది. దుప్పట్లు కప్పే శ్రమ అనవసరం.

దశ 3: మార్చి, ఏప్రిల్. బేస్‌మెంట్‌లో నారు

ముందుగా విత్తనాల గురించి ఒక మాట. ఊరి నుంచి వచ్చేటప్పుడు గోంగూర, బీర విత్తనాలను సూట్‌కేసులో వేసుకొని రావడం మన వాళ్లకు అలవాటు. తెగుళ్లు లేవని తెలిపే ఫైటోశానిటరీ ధ్రువపత్రం గానీ, ముందుగా తీసుకున్న అనుమతి గానీ లేకుండా నాటే విత్తనాలను తీసుకురావడానికి అమెరికా వ్యవసాయ శాఖ ఒప్పుకోదు. ఈ రకాలన్నీ ఇప్పుడు ఇక్కడే అమ్ముతున్నారు కాబట్టి, మేము వాడినవన్నీ ఇక్కడ కొన్నవే.

మార్చిలో మా బేస్‌మెంట్ 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. మనుషులకు అది భరించదగిన చలే గానీ మిరప గింజకు కాదు. ఒకే ప్యాకెట్ నుంచి తీసిన 24 గింజల్లో 12 హీట్ మ్యాట్ (ట్రే కింద పరిచే, కరెంటుతో వేడెక్కే పరుపు) మీద 28 డిగ్రీల వద్ద, 12 మామూలు బల్ల మీద ఉంచాము. పదో రోజుకు మ్యాట్ మీద 10 మొలిచాయి, బల్ల మీద ఒక్కటే మొలిచింది. ఈ పనిలో పెట్టిన ఖర్చులన్నింటిలో ఫలితం ఇంత స్పష్టంగా కనిపించింది హీట్ మ్యాట్ మీదే. దానికి థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే ట్రే అడుగు 33 డిగ్రీలు దాటి మిశ్రమం ఎండిపోతోంది.

వెలుతురు విషయంలో మొదటి విడత వంగ నారు దెబ్బతిన్నది. నాలుగు అడుగుల ఎల్‌ఈడీ షాప్ లైట్లు రెండు కొని, ట్రేకు 12 అంగుళాల ఎత్తున వేలాడదీశాము. మన కంటికి ఆ వెలుతురు పుష్కలంగా ఉన్నట్టే తోచింది. వారం తిరిగేసరికి మొలకలు 3 అంగుళాల పొడవున దారాల్లా సాగి, ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ఫోన్‌లోని వెలుతురును కొలిచే లక్స్ మీటరుతో చూస్తే 12 అంగుళాల దగ్గర 6,000 లక్స్, 3 అంగుళాల దగ్గర 17,000 లక్స్ ఉంది. గొలుసులు కుదించి లైట్లను 3 అంగుళాలకు దించి, టైమరుతో రోజుకు 16 గంటలు వెలిగించాము. ఆ తరువాత విత్తిన వంగ, మొదటి అసలైన ఆకు వేసేనాటికి ఒక అంగుళం పావు ఎత్తులో కుదురుగా నిలిచింది. సాగిపోయిన నారు టమాటా అయితే కాండాన్ని బీజదళాల (గింజ నుంచి మొదట విచ్చుకొనే రెండు ఆకుల) దాకా మట్టిలో పూడ్చి నిలబెట్టవచ్చు, పూడ్చిన మేరా వేళ్లు వస్తాయి. వంగకూ మిరపకూ అలా పూడ్చడం అంతగా కలిసిరాదు, మళ్లీ విత్తుకోవడమే మేలు.

అంతకంటె పెద్ద నష్టం నారుకుళ్లు తెగులు చేసింది. 24 వంగ గింజల్లో 22 మొలిచాయి. బీజదళాలు పూర్తిగా విచ్చుకున్న తరువాత, ట్రే మూలన ఒక మొక్క కాండం మట్టిని తాకే చోట నీరు పట్టినట్టు మసకబారింది. సాయంత్రానికి ఆ చోటు సన్నని పోగులా నొక్కుకుపోయి మొక్క పక్కకు ఒరిగింది. పైన ఆకులు మాత్రం అప్పటికీ పచ్చగా, నిగనిగలాడుతూనే ఉన్నాయి. అలా ఒరిగిన మొక్కను నిలబెట్టే మందు లేదు. రెండు మూడు రోజుల్లో అదే మూల నుంచి వరసగా 9 పోయాయి, 13 మిగిలాయి.

కారణాలను వెతికితే మూడు కనిపించాయి: నిరుటి మట్టినే మళ్లీ వాడటం, పైనుంచి నీళ్లు పోయడం, మొలిచాక కూడా ప్లాస్టిక్ మూత తీయకపోవడం. రెండో విడతలో మార్చినవి:

1. ట్రేలను బ్లీచు కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టాము.
2. పీట్ (బురదనేలల్లో కుళ్లిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) కలిసిన కొత్త మిశ్రమమే వాడాము.
3. సగం గింజలు మొలవగానే మూత తీసేశాము, మ్యాట్ ఆపేశాము.
4. కింది పళ్లెంలో నీరు పోసి, అరగంటలో పీల్చుకోగా మిగిలినది పారబోశాము.
5. చిన్న ఫ్యానును నారు మీదుగా మెల్లగా వీచేలా పెట్టాము.

ఈ ఐదింటిలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేము, అన్నీ ఒకేసారి మార్చాము కనుక. రెండో విడతలో విత్తిన 12 వంగ మొలకల్లో ఒక్కటీ పోలేదు.

మిగతా రకాలు క్లుప్తంగా: టమాటా 12 గింజలు మార్చి చివరి వారంలో విత్తాము. గోంగూర 18 గింజలు ఏప్రిల్ నడుమ వేస్తే ఐదో రోజుకే పైకొచ్చాయి. కాకర గింజ పెంకును గోళ్లు రుద్దే ఆకురాయితో అంచున కాస్త అరగదీసి, రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టాలి. బీరకు నానబెట్టడం చాలు. ఈ రెండింటికీ వేళ్లు కదిలితే గిట్టదు కాబట్టి వార్తాపత్రిక కాగితంతో చుట్టిన గొట్టాల్లో విత్తి, గొట్టంతో సహా నాటాలి. ఏప్రిల్ చివరి వారానికి ముందు వీటిని విత్తితే నాటేలోపే తీగలు ఒకదానికొకటి అల్లుకుపోతాయి.

ఇప్పటివరకు లెక్క: లైట్లకు 50, మ్యాట్‌కు, థర్మోస్టాట్‌కు 38, ట్రేలకు, మిశ్రమానికి, విత్తనాలకు 34, మొత్తం 254 డాలర్లు. కరెంటు విడిగా: 40 వాట్ల లైట్లు రెండు 16 గంటలు వెలిగితే రోజుకు 1.28 యూనిట్లు, 20 వాట్ల మ్యాట్ రోజంతా నడిస్తే 0.48 యూనిటు. బతికి ఉన్న నారు: వంగ 25, మిరప 19, టమాటా 11, గోంగూర 17, బీర 5, కాకర 4.

దశ 4: మార్చి నుంచి మే మొదటి వారం వరకు. పూత

బేస్‌మెంట్‌లో ఇదంతా జరుగుతుండగా పైన మడి తన పని తాను చేసుకుపోయింది. మార్చి రెండో వారంలో లేత ఊదారంగు క్రోకస్‌లు, ఉగాది నాటికి టేట్-ఎ-టేట్‌లు, ఏప్రిల్ రెండో వారంలో డచ్ మాస్టర్, ఏప్రిల్ చివర తులిప్‌లు వచ్చాయి. వేపపువ్వు దొరకని ఊళ్లో ఉగాదినాడు ఇంటి ముందు పసుపు పూలు ఉండటం మాకు నచ్చింది. వచ్చే ఏడాది పది టేట్-ఎ-టేట్ గడ్డలను కుండీలోనే పాతాలని అనుకుంటున్నాము.

చూడాలనుకునేవారికి తులిప్‌లో ఒక వింత ఉంది. ఉదయం 9 గంటలకు, 8 డిగ్రీల చలిలో రేకులు మొగ్గలా ముడుచుకొని ఉంటాయి. మధ్యాహ్నం 17 డిగ్రీలు రాగానే గిన్నెలా విచ్చుకొంటాయి, లోపల నల్లని మచ్చకు చుట్టూ ఉన్న పసుపు అంచు అప్పుడే కనిపిస్తుంది. వెచ్చదనంలో రేకుల లోపలివైపు, చలిలో బయటివైపు త్వరగా పెరగడమే దీనికి కారణం. అపెల్డోర్న్ చూడాలంటే ఎండ ఉన్న మధ్యాహ్నమే వెళ్లాలి. క్లూసియానా మరీ నిక్కచ్చి, మబ్బు పట్టిన రోజున అసలు తెరుచుకోదు.

కోసి వాజులో పెట్టేవారు డాఫొడిల్ కాడలను మొదటి పూట వేరే నీటిలో ఉంచాలి. కోసిన చోట కారే జిగురు తులిప్‌లను వాడ్చేస్తుంది. అదే జిగురు కొందరి చేతులకు దురద కూడా తెస్తుంది, తొడుగులు వేసుకొని కోయడం మంచిది. తులిప్ కాడ వాజులో కూడా పెరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో అలా పెరిగిన కాడలు నాలుగైదు రోజుల్లో రెండు అంగుళాల దాకా సాగి వెలుతురు వైపు వంగాయి. వాజును మొదట్లోనే కొంచెం లోతైనది ఎంచుకుంటే ఆ వంపు అందంగానే ఉంటుంది.

పాతినవాటిలో మిగిలిన 29 తులిప్‌లలో 27 మొలిచాయి. విచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్న 6 మొగ్గలను ఒక రాత్రి జింకలు కత్తెరతో కత్తిరించినట్టు తినిపోయాయి. మడి చుట్టూ నాలుగు కర్రలు పాతి నల్లని వల కట్టాక ఆ బాధ తప్పింది. పూసినవి 21. డాఫొడిల్ 40లో 40 పూశాయి, వాటి జోలికి ఏ జంతువూ రాలేదు. క్రోకస్ 50లో 43 పూశాయి.

వల ఖర్చు 16 డాలర్లు. మొత్తం 270.

దశ 5: మే. మడి కోసం పోటీ

ఇక్కడి నుంచే అసలు చిక్కు. మొదటి అమరికలో డాఫొడిల్, తులిప్‌లను అందం కోసం మడి అంతటా గుత్తులు గుత్తులుగా కలిపి పాతాము. ఏప్రిల్‌లో అది కన్నుల పండువగా ఉంది. మేలో నారు నాటడానికి మాత్రం అందులో చాలినంత ఖాళీ లేదు. నాలుగు మార్గాలను చూశాము.

మొదటిది, డాఫొడిల్ ఆకులను జడలా అల్లి, రబ్బరుబ్యాండుతో కట్టి పక్కకు తోయడం. పాత తోటల్లో ఇది వాడుకే. కట్టిన ఆకుకు ఎండ తగలదు, గడ్డకు ఆహారం చేరదు. మూడు గుత్తులను కట్టి చూస్తే అవి తక్కినవాటికంటె రెండు వారాల ముందే పసుపు తిరిగాయి. దీన్ని విడిచిపెట్టాము.

రెండోది, గుత్తుల మధ్య సందుల్లోనే నారు నాటడం. 8 గోంగూర మొక్కలను అలా పెట్టాము. వాలిన డాఫొడిల్ ఆకుల కింద నేల ఎప్పుడూ తడిగా ఉండటంతో పెంకు లేని నత్తలు అక్కడ చేరి, 5 మొక్కలను కాండం మొదలు దాకా కొరికేశాయి. మిగిలిన మూడూ నీడలో పాలిపోయాయి.

మూడోది, పూలు అయిపోయిన తులిప్‌లను పచ్చి ఆకులతోనే మట్టిగడ్డతో సహా పెకలించి వేరే చోటికి మార్చడం. 11 అపెల్డోర్న్ మొక్కలను అలా తీసి, తడి కంపోస్టు నింపిన ప్లాస్టిక్ బుట్టలో ఇంటి ఉత్తరపు గోడ పక్కన ఉంచాము. పద్ధతి పుస్తకాల్లో ఉన్నదే. జూన్‌లో తూచి చూస్తే, నవంబరులో సగటున 28 గ్రాములున్న గడ్డ స్థానంలో బుట్టలోవి సగటున 14 గ్రాములు, మడిలోనే వదిలినవి 22 గ్రాములు తూగాయి. తులిప్‌లో పాత గడ్డ పూతతో కరిగిపోతుంది, కొత్తవి దాని ఒడిలో పుడతాయి. ఆకులు ఎంతకాలం పచ్చగా పనిచేస్తే కొత్త గడ్డ అంత బరువెక్కుతుంది. అలా చిన్నదైన గడ్డ మరుసటి ఏడు పూయకుండా ఒక్క వెడల్పాటి ఆకు వేసి ఊరుకోవచ్చు. అంటే మడి ఖాళీ కావాలంటే అపెల్డోర్న్‌ను బంతిలాగా ఒక్క ఏటి మొక్కగానే చూసి, పూత అయ్యాక కంపోస్టులో వేయడం నిజాయితీ గల లెక్క.

నాలుగోది మా అత్తగారు చెప్పినది. ఆవిడ మే మొదట్లో గుంటూరు నుంచి వచ్చారు. “నేల చల్లగా ఉన్నప్పుడు వంగ నారు నాటితే అది పెరగదు, అలిగి కూర్చుంటుంది, తొందరెందుకు?” అన్నారు. నేలను కొలిస్తే ఆ మాటలో బలం కనిపించింది. ఉదయం 9 గంటలకు 2 అంగుళాల లోతున మే 10న 13 డిగ్రీలు, మే 24న 18 డిగ్రీలు ఉంది. అందుకని 6 వంగ మొక్కలను మే 12న మడి కొసన నాటి, తక్కిన వాటిలో 6 మొక్కలను 3 అంగుళాల కుండీల నుంచి గాలన్ కుండీల్లోకి మార్చి, పగలు ఎండలో, చలి రాత్రుల్లో గరాజ్‌లో ఉంచి, మే 29న నాటాము. మే నడుమ ఒక రాత్రి 3 డిగ్రీలకు పడిపోయింది. దుప్పటి కప్పినా, ముందు నాటిన వంగ ఆకులు ఊదారంగుకు తిరిగి కొన్నాళ్లు కదలలేదు. జూన్ 20న ఎత్తులు కొలిచాము: ముందు నాటినవి సగటున 11 అంగుళాలు, తరువాత నాటినవి 12 అంగుళాలు. మొదటి పూమొగ్గ కూడా కుండీలో పెరిగిన మొక్కకే ముందు వచ్చింది.

ఈ ఒక్క కొలతతో పోటీలో సగం తీరిపోయింది. నారును మే నడుమ నాటాలన్న తొందర మా అలవాటు వల్ల వచ్చినదే తప్ప మొక్కకు అవసరం కాదు. జూన్ మొదటి వారం వరకు పెద్ద కుండీలో ఆగితే డాఫొడిల్ ఆకులకు కావలసిన వ్యవధి కూడా దొరుకుతుంది. బీర, కాకరలకు మాత్రం ఇది వర్తించదు. వాటిని కుండీ మార్చకుండా, గడ్డలు లేని పందిరి వైపు అంచున మే చివర నేరుగా నాటాము.

నారును బయటి ఎండకు అలవాటు చేసే తీరు:

1. మొదటి రెండు రోజులు నీడలో, గాలి తగలని చోట రెండేసి గంటలు.
2. తరువాత ఉదయపు ఎండలో గంటతో మొదలుపెట్టి, రోజుకో గంట పెంచాలి.
3. రాత్రి 10 డిగ్రీల కంటె తగ్గేటట్టుంటే లోపలికి తీసుకురావాలి.
4. వారం, పది రోజుల తరువాత పగలంతా బయట ఉంచవచ్చు.

రెండో మెట్టు దాటవేసిన ఒక ట్రే మిరపకు ఒక్క మధ్యాహ్నంలో ఆకులు తెల్లని కాగితంలా మాడిపోయాయి. కొత్త ఆకులు వచ్చాయి గానీ ఆ ట్రే రెండు వారాలు వెనకబడింది.

కుండీలకు, అదనపు మట్టికి 22 డాలర్లు. మొత్తం 292.

దశ 6: జూన్. ఆకులు పండటం, కొత్త అమరిక

డాఫొడిల్ ఆకులు జూన్ 10 ప్రాంతంలో పండాయి. మెల్లగా లాగితే చేతికి ఊడివచ్చే ఆకును తీయవచ్చు, బిగువుగా ఉంటే ఆగాలి. ఎండిన ఆకులు తీసేశాక గుత్తుల మధ్య చోటు తెరుచుకొంది. గోంగూర, మిరప, మిగిలిన వంగ అక్కడికి చేరాయి. నీటి విషయంలో డాఫొడిల్‌కు, తులిప్‌కు తేడా ఉంది. వేసవిలో కూరమొక్కలకు పెట్టే తడిని డాఫొడిల్ తట్టుకుంటుంది. తులిప్ గడ్డకు పొడి వేసవి కావాలి, లేకపోతే కుళ్లుతుంది. అందువల్ల క్లూసియానా ఉన్న పడమటి మూలకు డ్రిప్ పైపు వెళ్లకుండా మూత బిగించాము.

వంగ ఆకుల మీద సూదితో పొడిచినట్టు సన్నని రంధ్రాలు రాసాగాయి. ముట్టుకోబోతే గెంతి పారిపోయే ఆవగింజంత నల్లని పెంకుపురుగుల పని అది. లేత మొక్కను అవి చంపగలవు. ఎనిమిది ఆకులు దాటిన మొక్క తట్టుకుంటుంది. కుండీల్లో పెరిగి ఆలస్యంగా నాటిన మొక్కలకు ఇక్కడా లాభం కలిగింది. చిన్నవాటిని మొదటి పువ్వు విచ్చేదాకా రో కవర్ అనే పలుచని తెల్ల గుడ్డ కింద ఉంచాము. దాని ఖర్చు 14 డాలర్లు, మొత్తం 306.

గోంగూర విత్తనం ఇక్కడ కట్టుకోవాలనుకునేవారికి ఒక సూచన. పగటి కాలం తగ్గితే గానీ గోంగూర పూతకు రాదు, కాయ పండేలోపే ఇక్కడ అక్టోబరు చలి వచ్చేస్తుంది. ఆకు మటుకు జూలై నుంచి కావలసినంత కోసుకోవచ్చు. విత్తనం ఏటా కొనాలి, లేదా ఒక మొక్కను కుండీలో పెంచి లోపలికి తేవాలి.

ఈ అక్టోబరుకు వేసుకున్న అమరిక:

1. ఉత్తరపు అంచు, అడుగు వెడల్పు: పందిరి, బీర, కాకర. గడ్డలు ఉండవు.
2. దక్షిణపు అంచు, అడుగు వెడల్పు: డాఫొడిల్ మొత్తం ఒకే చోట, శాశ్వతంగా. ముందు పొట్టివి, వెనక పొడుగువి.
3. నడుమ రెండు అడుగులు: క్రోకస్ 3 అంగుళాల లోతున పలుచగా. వాటి ఆకులు మే చివరికే ఎండిపోతాయి కనుక వంగ, మిరప, గోంగూరలకు అడ్డురావు.
4. పడమటి మూల, రెండు అడుగులు: క్లూసియానా, డ్రిప్ లేకుండా.
5. అపెల్డోర్న్: 12 గడ్డలు, రెండు పెద్ద కుండీల్లో, ఒక్క ఏటికి.

డాఫొడిల్ గడ్డలను దక్షిణపు వరసలోకి మార్చడానికి ఆకులు పండిన వెంటనే, వాటి జాడ కనిపిస్తుండగానే తవ్వాము. నెల గడిస్తే పారకు తగిలి తెగేదాకా అవి ఎక్కడున్నాయో తెలియదు. 40 గడ్డల నుంచి చేతితో విడివడిన పిల్లగడ్డలతో కలిపి 58 వచ్చాయి. వాటిని కడగకుండా, మట్టి మాత్రం దులిపి, ఉల్లిగడ్డలు వచ్చిన వల సంచుల్లో నింపి, విషం అని పెద్ద అక్షరాలతో చీటీ కట్టి, గరాజ్‌లో గాలి ఆడే కొక్కేనికి వేలాడదీశాము. కోళ్ల జాలి తుప్పు పట్టలేదు, అదే మళ్లీ వాడవచ్చు.